అయిపోని పెళ్లిచూపులు

'మరో చరిత్ర' పేరెత్తితే విశాఖపట్నం వాళ్ల గొంతులో కొంచెం గర్వం వినిపిస్తుంది. 1978లో కె. బాలచందర్ ఆ సినిమాని ఈ సముద్రం ఒడ్డున, భీమిలి దాకా తిరిగి తీశారు. భీమిలికి చుట్టాలని తీసుకెళ్తే చాలు, "ఇక్కడే కదా కమల్ హాసన్..." అని ఎవరో ఒకరు మొదలుపెడతారు. పాటలు గుర్తు చేసుకుంటారు. ఆ ముగింపు తలుచుకుని ఇప్పటికీ బాధపడతారు. కానీ ఆ సినిమాలో అందరి కళ్లెదురుగా ఉండి కూడా పెద్దగా ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. అందులో హీరోయిన్ నల్లగా ఉంటుంది.

స్వప్న పాత్ర వేసిన సరితకి అది తొలి సినిమా. అప్పటికి టీనేజీ దాటని తెలుగు పిల్ల. సినిమా నలుపు తెలుపుల్లోనే తీశారు గానీ ఆమె రంగు అందులో దాగలేదు, దాచాలని ఎవరూ చూసినట్టూ లేదు. నల్లటి అమ్మాయిని ప్రేమించడం ఆ కథలో సమస్య కాదు. సమస్యంతా భాషది, రెండిళ్ల పెద్దల పంతానిది. జనం ఆ అమ్మాయి కోసం ఏడ్చారు. మద్రాసులో డబ్బింగ్ కూడా చెయ్యకుండా తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. అంటే నల్లటి ముఖాన్ని తెరమీద గంటల తరబడి చూడటం, దాని మీద మనసు పడటం మనవాళ్లకి చేతకాని పనేం కాదు. ఒకసారి చేశాం కూడా.

తర్వాత జరిగింది చూడండి. సరిత కెరీర్ చిన్నదేం కాదు. నాలుగు దక్షిణాది భాషల్లో గట్టి పాత్రలు చేశారామె. కానీ రానురానూ తెలుగు ప్రేక్షకుడు ఆమెని చూడటం తగ్గి వినడం ఎక్కువైంది. విజయశాంతికి, సౌందర్యకి, ఇంకా ఎందరికో ఆమె డబ్బింగ్ చెప్పారు. హాల్లో మనం చప్పట్లు కొట్టిన కోపం, మనల్ని కదిలించిన ఏడుపు చాలాసార్లు ఆవిడవే. ఆ హీరోయిన్ల తప్పేం లేదు ఇందులో, వాళ్లూ గొప్ప నటులే. నేను లెక్క చూస్తున్నది మన కళ్ల గురించి. ఆ గొంతు మనకి కావాల్సి వచ్చింది. గొంతుకి రంగుండదు కదా.

2021లో 'పుష్ప' వచ్చింది. శేషాచలం అడవుల్లో కూలి పనిచేసే మనిషి కథ, కాబట్టి ముఖాలు నల్లగా ఉండాలి. హీరోకి మేకప్‌తో నలుపు పూశారు. హీరోయిన్‌కీ పూశారు. నలుపు అవసరమైనచోట కూడా నల్లటి అమ్మాయిని వెతకలేదు. 43 ఏళ్లలో మనం ప్రయాణించిన దూరం ఇది. ఏ దిక్కుకి ప్రయాణించామో మీరే చూడండి.

నేను ఇరవై ఏళ్లకి పైగా ఈ ఊళ్లో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పదహారు, పదిహేడేళ్ల ముఖాలు నాకు రోజూ ఎదురుగా ఉంటాయి. ఆ ముఖాలు వాటి యజమానులకి ఎప్పటినుంచి బరువయ్యాయి అన్నదే నా ప్రశ్న. సినిమాలు, ప్రకటనలు, ఫోన్లు చెడగొట్టాయి అనేస్తే సగం జవాబే. మిగతా సగం ఇంట్లో ఉంది.

తెలుగులో మనిషి రంగుకి ఎన్ని మాటలున్నాయో ఆలోచించండి. పసిమి ఛాయ, చామనఛాయ, "కాస్త రంగు తక్కువ". తక్కువ అనేది కొలత మాట. తూకంలో తక్కువ, మార్కుల్లో తక్కువ, రంగులో తక్కువ. మా వైపు తెల్లగా ఉన్నవాళ్లని "ఎర్రగా ఉంటాడు" అంటారు, అదీ మెప్పే. నల్లటి పిల్లని మెచ్చుకోవాలంటే "నలుపైనా కళగల ముఖం" అనాలి. ఆ 'అయినా' లేకుండా నల్లటి అమ్మాయిని మెచ్చుకున్న పెద్దవాళ్లని నా జీవితంలో ఇద్దరినో ముగ్గురినో చూశాను. మళ్లీ మన దేవుళ్లు రాముడు, కృష్ణుడు ఇద్దరూ నల్లనివాళ్లే. ద్రౌపదికి కృష్ణ అన్న పేరు రంగును బట్టి వచ్చిందే. పురాణం విన్నంతసేపూ అది అందంగానే ఉంటుంది. క్యాలెండరు మీదికి వచ్చేసరికి రాముడూ కృష్ణుడూ నీలంగా మారిపోతారు. నలుపుని నలుపుగా వెయ్యడానికి చెయ్యి రాలేదు మనకి.

2013 సెప్టెంబర్‌లో విజయవాడ మూలాలున్న నీనా దావులూరి మిస్ అమెరికా అయింది. ఆమె అమెరికన్ కాదని అక్కడ కొందరు నోరు పారేసుకున్నారు. ఆ జాత్యహంకారం మీద మనం మండిపడ్డాం, బాగానే ఉంది. అదే వారం మన దేశంలోనే ఇంకో మాట వినిపించింది: ఈ రంగుతో ఇక్కడ పోటీ చేస్తే ఈ అమ్మాయికి కిరీటం వచ్చేదా? జవాబు అందరికీ తెలుసు కాబట్టే ఆ ప్రశ్న అంత తొందరగా వచ్చింది. తర్వాత ఆమె చర్మం తెలుపు చేసే వ్యాపారం మీదే ప్రచారం మొదలుపెట్టింది.

1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చినప్పుడు అది కొత్త కోరికనేం పుట్టించలేదు. మన పెళ్లిచూపుల భాష నేర్చుకుని ట్యూబులో పెట్టి అమ్మింది. ఒక ప్రకటన చాలామందికి గుర్తుండే ఉంటుంది: కొడుకు లేడని తండ్రి వాపోతాడు, కూతురు ఆ క్రీము రాసుకుని తెల్లబడి ఎయిర్‌హోస్టెస్ అయి ఇంటిని నిలబెడుతుంది. ఐద్వా పోరాడింది, 2003లో ఆ ప్రకటన ఆగింది. 2014లో ప్రకటనల నియంత్రణ మండలి, నల్లగా ఉన్నవాళ్లని దిగులుగా, పెళ్లికీ ఉద్యోగానికీ పనికిరానివాళ్లుగా చూపించకూడదని నియమం పెట్టింది. 2020లో క్రీము పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టారు. తెలుపు పోయి మెరుపు వచ్చింది. కొనేవాళ్లకి అర్థమయ్యేది మారలేదు.

అయితే పాత క్రూరత్వానికీ ఇప్పటిదానికీ తేడా లేదా? ఉంది. పెళ్లిచూపులు ఒక పూట జరిగేవి. అమ్మాయి తలవంచుకుని కూర్చుని, కాఫీ ఇచ్చి, పాట పాడమంటే పాడి, లోపలికి వెళ్లిపోయేది. అవమానమే. కానీ వచ్చినవాళ్లు సాయంత్రానికి వెళ్లిపోయేవారు, తలుపు వేసుకోవడం కుదిరేది. ఇంకొకటి కూడా ఉంది. ఆ రోజుల్లో రంగు తలరాత. "పాపం, రంగు తక్కువ" అనేవారు. ఆ 'పాపం'లో జాలి ఉంది, నింద లేదు. అమ్మాయి తప్పేం చేసిందని?

ఇప్పుడు అది తప్పే అవుతోంది. నాకిది మా మేనకోడలి దగ్గర అర్థమైంది.

మా తమ్ముడు పోర్టుకి లారీలు పంపే ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేస్తాడు, గాజువాకలో ఉంటారు. కూతురు డిగ్రీ అయ్యాక విమానాల్లో క్యాబిన్ క్రూ ఉద్యోగాల కోసం శిక్షణ తీసుకుంటోంది. చురుకైన పిల్ల, ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది, ఎవరికి భయపడాలో కూడా తెలీదు దానికి. ఒక ఆదివారం వచ్చి వంటింట్లో నా పక్కన నిలబడింది.

"అత్తా, ముప్పై వేలు సర్దగలవా? ఉద్యోగం వచ్చాక ఇచ్చేస్తాను. నాన్నకి చెప్పొద్దు."

"ఎందుకమ్మా?"

"గ్లూటాథియోన్. ఆరు సిట్టింగులు. సెలైన్‌లో పెట్టి ఎక్కిస్తారు. మా బ్యాచ్‌లో ఇద్దరు చేయించుకున్నారు."

అమెరికాలో ఎఫ్‌డీఏ చర్మం తెల్లబరిచే ఇంజెక్షన్లని వేటినీ ఆమోదించలేదని, అవి హాని చేసే ప్రమాదముందని హెచ్చరించిందని చెప్పాను. ఫిలిప్పీన్స్‌లోనూ అలాగే హెచ్చరించారు. అవన్నీ అది ముందే చదివింది. ఈ పిల్లలకి సమాచారం లేదనుకోవడం మన భ్రమ.

"హీరోయిన్‌లా ఉండాలని కాదత్తా. వంక పెట్టకుండా ఉంటే చాలు. అందరూ చేయించుకుంటుంటే నేను చేయించుకోకపోతే, అది నా బద్ధకం కిందే లెక్క కదా."

బద్ధకం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. దాని రంగు దాని అమ్మమ్మ రంగు, నా రంగు. దాన్ని ఆ పిల్ల చెయ్యని హోమ్‌వర్క్‌లాగా చూస్తోంది. మార్చుకునే వీలుందని ఒకసారి నమ్మించాక మార్చుకోకపోవడం నీ బాధ్యతారాహిత్యం అవుతుంది. హెదర్ విడోస్ అనే బ్రిటిష్ తత్వశాస్త్ర ఆచార్యురాలు 2018లో 'పర్ఫెక్ట్ మీ' అనే పుస్తకం రాశారు. అందం ఇవాళ అభిరుచి స్థాయి దాటి నైతిక ఆదర్శం అయి కూర్చుందని, అందుకోలేనివాళ్లు అందంగా లేమని మాత్రమే కాకుండా చెడ్డవాళ్లమన్నట్టు సిగ్గుపడుతున్నారని ఆవిడ వాదన. ఆ పుస్తకం చదివినప్పుడు కొంచెం అతిగా అనిపించింది. మా వంటింట్లో విన్నాక అనిపించలేదు.

ఇలాంటప్పుడు పెద్దవాళ్ల దగ్గర రెండు జవాబులుంటాయి. మొదటిది పాతది: అందం కొరుక్కు తింటామా? రెండోది కొత్తది: అందరూ అందమైనవాళ్లే, నువ్వెలా ఉన్నా అందంగానే ఉన్నావు.

మొదటిది అబద్ధం. ఉద్యోగ ప్రకటనల్లో ఎత్తు, బరువు, మచ్చల్లేని చర్మం అడుగుతున్న రోజుల్లో ఆ పిల్ల అందం కొరుక్కు తినబోతోంది, అక్షరాలా. రెండోది ఇంకా చిక్కుది. మంచి మనసుతోనే అంటాం. ఇప్పుడు సబ్బుల కంపెనీలు కూడా అంటున్నాయి. కానీ అందులో పరీక్ష రద్దు కాలేదు, అందరినీ పాస్ చేశారు, అంతే. ముఖాన్ని బట్టి మనిషికి విలువ కట్టడం తప్పు కాదని ఒప్పుకుని, ఆ విలువ అందరికీ సమానంగా పంచుతామంటున్నారు. పిల్లలు తెలివైనవాళ్లు. అందరికీ నూటికి నూరు వేసే మేష్టారి మార్కులకి విలువ లేదని వాళ్లకి తెలుసు. "నువ్వు అందంగా ఉన్నావు" అని చెప్పగానే అద్దం వైపు చూస్తారు, నిజమో కాదో తేల్చుకోవడానికి. అద్దం వైపు చూడనక్కర్లేని మాట చెప్పాలి మనం. నాకైతే దొరకలేదు, వెతుకుతున్నాను.

దానితో శోభితా ధూళిపాళ గురించి మాట్లాడాను. తెనాలిలో పుట్టి మా విశాఖలో పెరిగిన అమ్మాయి. తండ్రి మర్చంట్ నేవీ. 2013లో మిస్ ఇండియా ఎర్త్ అయింది. అయినా ముంబైలో ప్రకటనల ఆడిషన్లకి వెళ్తే తెలుపు చాలదని ముఖం మీదే అన్నారని తానే చెప్పుకుంది. ఆగకుండా పనిచేసుకుంటూ పోయింది. సాయిపల్లవి మాటా చెప్పాను, మొటిమలతోనే 'ఫిదా'లో నటించి, తర్వాత ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటన కాదనుకుంది. రెండు కోట్లని పత్రికలు రాశాయి.

"ఆవిడ మిస్ ఇండియా ఎర్త్ అత్తా, నేను గాజువాక" అంది. నవ్వేశాం ఇద్దరం. కానీ ఆ మాటలో వాదన ఉంది. గెలిచిన ఒకరిద్దరిని చూపించి ధైర్యం చెప్పడం అంటే, నువ్వు గెలవకపోతే నీకు ఆ గుండె లేదని కూడా చెప్పడమే. తెల్లబడలేదన్న నిందకి తోడు, నల్లగా ఉండి గర్వంగా నిలబడలేదన్న నింద. రెండు పరీక్షలు.

నిజంగా ఆలోచించాల్సింది దాని అసలు వాదన గురించి. "నా ముఖం నా ఇష్టం, నా డబ్బు. ఎవరికేం నష్టం?" ఈ ప్రశ్నని చిన్నచూపు చూడలేం. ఆడపిల్ల ఒంటి మీద ఇన్ని తరాలుగా ఇంట్లో అందరికీ హక్కుండి, ఆ పిల్లకి మాత్రమే లేకపోయాక, ఇప్పుడు 'నా ఇష్టం' అంటుంటే మళ్లీ మనమే వద్దనడమా?

ఇలా అనుకోండి. సినిమా హాల్లో సరిగ్గా కనిపించడం లేదని ముందు వరసలో ఒకాయన లేచి నిలబడ్డాడు. ఆయన ఇష్టం, ఆయన టికెట్. వెనకాయనకి తెర కనిపించదు, ఆయనా లేస్తాడు. పది నిమిషాల్లో హాలంతా నిలబడి సినిమా చూస్తుంటుంది. ఎవరికీ ముందుకంటే బాగా కనిపించదు, కాళ్లు మాత్రం పీకుతుంటాయి. పొట్టివాళ్లకి, నిలబడలేనివాళ్లకి అసలే కనిపించదు. గుమ్మం దగ్గర ఎవరో స్టూళ్లు అద్దెకివ్వడం మొదలుపెడతాడు. మా మేనకోడలి బ్యాచ్‌లో ఇద్దరు చేయించుకున్నారు కాబట్టి ఇది మూడోది. ఇది చేయించుకుంటే నాలుగో పిల్ల ఇంట్లో గొడవ మొదలవుతుంది. కాబట్టి 'నా ముఖం నా ఇష్టం' అన్నది నిజమే గానీ పూర్తి నిజం కాదు. ప్రతి దిద్దుబాటూ పక్కవాళ్ల ముఖం ఖరీదు కొంచెం తగ్గిస్తుంది.

కానీ అక్కడితో ఆగి, "కాబట్టి నువ్వు కూర్చో" అని ఆ పిల్లకి చెప్పడం అన్యాయం అనుకుంటాను. వెనక వరసలో ఉన్న పిల్ల అది. ముందు కూర్చోవాల్సింది కూర్చున్నా నష్టం లేనివాళ్లు. ఉద్యోగాలు ఇచ్చేవాళ్లు, సినిమాలు తీసేవాళ్లు, జగదాంబ సెంటర్ నుంచి ద్వారకానగర్ దాకా నగల పెళ్లికూతుళ్లని నిలబెట్టే హోర్డింగుల వాళ్లు. అన్నట్టు ఆ హోర్డింగుల కింద నుంచే జాలరిపేట ఆడవాళ్లు చేపల తట్టలతో నడిచి వెళ్తుంటారు. ఈ ఊరిని హార్బర్లో, కోక్ ఓవెన్ల దగ్గర, షిప్‌యార్డులో ఎండకీ వేడికీ నల్లబడ్డ ఒళ్లు కట్టాయి. ఊరి గోడల మీద మాత్రం అలాంటి ముఖం ఒక్కటీ ఉండదు, ఎన్నికలప్పుడు తప్ప. ఇక మాలాంటివాళ్లు. నేను నాలుగేళ్లుగా జుట్టుకి రంగు వెయ్యడం లేదు. పర్మినెంటు ఉద్యోగం ఉంది, పెళ్లయి ఇరవై ఆరేళ్లయింది, కాబట్టి మానగలిగాను. అందులో గొప్పేం లేదు. కూర్చోగలిగినదాన్ని కూర్చున్నాను.

ఇంతా చెప్పి, అలంకరించుకోవడమే తప్పంటావా అని అడుగుతారు. అనను. తెలుగులో ఒక వింత క్రియ ఉంది. బొట్టు దిద్దుకుంటాం, కాటుక దిద్దుకుంటాం. పరీక్ష పేపర్లూ దిద్దుతాం. మాట ఒకటే, పనులు వేరు. బొట్టు దిద్దుకునేటప్పుడు నుదురు తప్పని అనుకోం. పూర్ణా మార్కెట్లో కనకాంబరాలు కొనుక్కుని జడలో పెట్టుకున్న పిల్ల జడలో లోపముందని పెట్టుకోదు. ఉన్నదాని మీద ఒక సరదా కలపడం అది, పెట్టుకోని రోజు ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. పేపరు దిద్దడం అలా కాదు. అక్కడ ఎర్ర సిరా తప్పు మీదే పడుతుంది. మా పిల్లలు తమ ముఖాలని పేపర్లలాగా దిద్దుకుంటున్నారు. ఏది ఏదో బయటనుంచి చూసి చెప్పలేం, ఒకే లిప్‌స్టిక్ రెండూ కావచ్చు. మానేస్తే భయం వేస్తుందా లేదా అన్నది ఒక్కటే నాకు తెలిసిన గుర్తు.

పాతకాలమంతా సరదాయే అనీ అనను. కడుపుతో ఉన్నప్పుడు కుంకుమపువ్వు పాలు తాగించేవారు, ఇప్పటికీ తాగిస్తున్నారు. బిడ్డ పుట్టకముందే దిద్దుబాటు.

ఫోన్ కొత్తగా తెచ్చింది ఒకటుంది. మా తరంలో కొలబద్ద వేరే మనిషి. శ్రీదేవి. శ్రీదేవితో పోల్చుకుని ఓడిపోవడంలో ఒక నిశ్చింత ఉండేది, ఆవిడ శ్రీదేవి, మనం మనం. ఇప్పుడు ముందు కెమెరా తెరవగానే చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ దానంతటదే పనిచేస్తుంది. రంగు తేలుస్తుంది, మచ్చలు చెరుపుతుంది. అక్కడ కనిపించేది వేరే మనిషి కాదు, నువ్వే, ఇంకొంచెం బాగున్న నువ్వు. ఆ నువ్వుతో ఈ నువ్వు రోజూ పోటీ పడాలి. ఫోన్ పక్కన పెట్టి అద్దం చూసుకుంటే ఏదో పోగొట్టుకున్నట్టుంటుంది, ఎప్పుడూ లేనిదాన్ని. పదహారేళ్ల పిల్లలకి తమ ముఖం తమకే చెడ్డ ఫోటోలా కనపడుతోంది. ఇన్‌స్టాగ్రామ్ నడిపేవాళ్లకి ఇది తెలియనిదేం కాదు. ముగ్గురు టీనేజీ అమ్మాయిల్లో ఒకరికి తమ ఒంటి మీద ఉన్న దిగులుని ఆ యాప్ ఇంకా పెంచుతోందని ఆ కంపెనీ సొంత పరిశోధనలోనే రాసుకున్నారు. 2021లో ఆ పత్రాలు బయటపడితే తప్ప మనకి తెలియలేదు.

ఇలాంటిది ఎంత తొందరగా జరుగుతుందో ఫిజీ దీవుల్లో చూశారు. అక్కడ ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అంతకుముందు పుష్టిగా ఉండటమే అందం, మన సావిత్రి కాలంలోలాగా. ఆన్ బెకర్ అనే అమెరికన్ పరిశోధకురాలు టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, 1998లో మరోసారి అక్కడి హైస్కూలు అమ్మాయిలని పరిశీలించారు. బరువు తగ్గడానికి తిన్నది కక్కుకునే పిల్లలు మొదట ఒక్కరూ లేరు. మూడేళ్లకి నూటికి 11 మంది. తరతరాల 'బొద్దుగా ముద్దుగా' మూడేళ్లు ఆగలేకపోయింది. మనదగ్గర ఆరతి అగర్వాల్ 31 ఏళ్లకి అమెరికాలో చనిపోయింది 2015 జూన్‌లో. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని వార్తలొచ్చాయి. అదే ఏడాది నవంబర్‌లో లావుపాటి అమ్మాయి మీద అనుష్క 'సైజ్ జీరో' విడుదలైంది, అదేం పెద్దగా ఆడలేదు.

అబ్బాయిల గురించి తక్కువ రాస్తాం. నా క్లాసులో ఒకడు ఏడాదంతా టోపీతో వచ్చాడు, జుట్టు పలచబడిందని. ఒకడు గ్రూప్ ఫోటోకి మడమలు ఎత్తి నిలబడ్డాడు. అడిగితే నవ్వేస్తారు. అమ్మాయిలకి కనీసం ఈ బాధ గురించి మాట్లాడుకోవడానికి ఒక భాష ఉంది, అబ్బాయిలకి అదీ లేదు. అందుకే 2020లో 'కలర్ ఫోటో' వచ్చినప్పుడు నాకు ఇష్టంగా అనిపించింది. సుహాస్ వేసిన నల్లటి కుర్రాడి కథ, జాతీయ అవార్డు కూడా వచ్చింది. నల్లటి కుర్రాడు తెల్లటి అమ్మాయిని ప్రేమిస్తాడు అందులో. తిరగేసి తీస్తే ఎలా ఉంటుందో చూడాలని ఉంది. తెల్లటి కుర్రాడు, నల్లటి అమ్మాయి, ఆ అమ్మాయి పాత్రకి నల్లటి అమ్మాయే.

ఇక మా మేనకోడలి సంగతి. ఆ ముప్పై వేలు ఇవ్వలేదు. మందు ప్రమాదం, అందుకే ఇవ్వను అని చెప్పాను. వేరే కారణాలు చెప్పలేదు, అవి దానికి చెప్పాల్సినవి కావు, దాన్ని ఇంటర్వ్యూ చేసేవాళ్లకి చెప్పాల్సినవి. మెడికల్ షాపులో దొరికే స్టెరాయిడ్ క్రీముల జోలికి మాత్రం పోవద్దని ఒట్టు వేయించుకున్నాను. డాక్టరు చీటీ లేకుండా అలాంటివి పద్నాలుగు రకాలు అమ్మకూడదని 2018లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చినా, అవి రాసుకుని బుగ్గలు ఎర్రబడి, ఎండలోకి వెళ్లలేక కాలేజీ మానేసిన పిల్లని నేను చూశాను. శిక్షణకి మిగిలిన ఫీజు మాత్రం నేను కట్టాను. అలిగింది, వారం మాట్లాడలేదు. తర్వాత తనే ఫోన్ చేసింది.

"అత్తా, అప్లికేషన్‌కి రెండు ఫోటోలు కావాలి. ఒకటి నిలువెత్తుది, ఒకటి దగ్గరనుంచి. ఫిల్టర్ ఉండకూడదని రాశారు. నువ్వు తీస్తావా? నా ఫోన్‌లో ఆ బ్యూటీ మోడ్ ఎలా ఆపాలో తెలియడం లేదు."

మా మేడ మీద తీశాను. పిట్టగోడ మీద పోర్టు బొగ్గు ధూళి ఎప్పటిలాగే పేరుకుని ఉంది, తుడిచి ఆనుకుంది. పదకొండు తీస్తే తొమ్మిది చెరిపేసింది. మిగిలిన రెండూ పంపింది. వాళ్ల దగ్గరనుంచి ఇంకా కబురు రాలేదు.